అమ్మకి మెమరీ కేర్ అంటున్నారు, నాన్న బాగానే ఉన్నారు. ఇద్దరినీ ఎక్కడ ఉంచాలి? – బెంగళూరు

హొరమావు_వాణి
అమ్మకి 74, నాన్నకి 80. ప్రొద్దుటూరులో ఇద్దరే ఉంటున్నారు. నేను హొరమావులో, తమ్ముడు డల్లాస్‌లో. నాన్నకి షుగరు, మోకాళ్ళ నొప్పులు ఉన్నా మనిషి చురుకే. బ్యాంకు పనులు, కరెంటు బిల్లు అన్నీ ఆయనే చూసుకుంటారు. అమ్మే ఏడాదిన్నరగా మారిపోయింది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడంతో మొదలైంది. సంక్రాంతికి వెళ్తే అరిసెల పాకం ఎలా పట్టాలో నన్నే అడిగింది. వీధిలో ఎవరింట్లో అరిసెలు చేసినా పాకం చూడ్డానికి పిలుచుకెళ్ళేది అమ్మనే. నాన్న మాత్రం "వయసైపోయింది, మామూలే" అంటూ కప్పిపుచ్చుతూ వచ్చారు. పోయిన నెల తెల్లవారుజామున గేటు తీసుకుని వెళ్ళిపోయి, మేం చిన్నప్పుడు అద్దెకున్న ఇంటి ముందు నిలబడిందట. పాలాయన గుర్తుపట్టి తీసుకొచ్చాడు.

మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు, ఇద్దరు పిల్లలు, ఇద్దరం ఆఫీసులకి వెళ్తాం. ఈ మూడు వారాల్లో సర్జాపుర రోడ్డు, కనకపుర రోడ్డు, దేవనహళ్ళి వైపు కలిపి పెద్దవాళ్ళని ఉంచుకుని చూసుకునే కేంద్రాలు ఐదు చూశాం. ఒక్కోచోట ఒక్కో మాట. ఒకరేమో "ఇండిపెండెంట్ లివింగ్‌లో (ఎవరి పనులు వాళ్ళే చేసుకునే చోట) సింగిల్ బెడ్‌రూమ్ తీసుకోండి, అమ్మగారిని నాన్నగారు చూసుకుంటారుగా" అన్నారు. ఇంకోచోట ఇద్దరికీ అసిస్టెడ్ లివింగ్, అంటే రోజువారీ పనులకి మనిషి సాయం ఉండే చోటు అన్నారు. మరోచోట అమ్మని ఒక్కదాన్నే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ కోసం తాళం ఉండే మెమరీ కేర్ ఫ్లోరులో పెట్టాలి, నాన్న పక్క బ్లాకులో ఉండి రోజూ వచ్చి చూడొచ్చు అన్నారు. యాభై మూడేళ్ళ కాపురం. విడదీస్తే నాన్న తట్టుకోలేరేమోనని నా భయం. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

శేషు_వైట్‌ఫీల్డ్
మొదటి చోటికి ఒక దండం పెట్టేయండి. 80 ఏళ్ళాయన్ని జీతం లేని అటెండరుగా పెట్టుకుని, ఆ గదికి అద్దె మీ దగ్గరే తీసుకుంటారన్నమాట.

కడప_బిడ్డ
శేషన్న చెప్పింది నిజం. మా జేజినాయన అట్లే పాయ. అవ్వ రాత్రిళ్ళు లేచి తిరుగుతాంటే ఆయనా మేలుకొని కూచునేవాడు. ఒకరోజు బాత్రూం కాడ పడి తొడ ఎముక విరిగె, ఆర్నెల్లు కూడా లేడు. అవ్వ ఇప్పటికీ ఉంది. మాకెవురికీ ఆయన గురించి దిగులే లేకపాయ, అంతా అవ్వ గురించే.

నర్సక్క_జయనగర
పదహారేళ్ళుగా పెద్దవాళ్ళని చూసే ఉద్యోగమే చేస్తున్నాను. వాణీ, ఒక్క విషయం ముందు చెప్పమ్మా. అమ్మని సరైన డాక్టరుకి చూపించారా? మతిమరుపు అనగానే మెమరీ కేర్ చూడ్డం మొదలుపెట్టకూడదు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, బీపీ మాత్రలకి సోడియం పడిపోయినా మనిషి ఇలాగే అయిపోతారు. యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తే పెద్దవాళ్ళకి జ్వరం రాకపోవచ్చు, మాట మాత్రం తేడా వస్తుంది. ఎప్పుడో పడి తలకి దెబ్బ తగిలి, లోపల రక్తం మెల్లగా చేరినా అంతే. ఇవన్నీ చూసి, కాదని తేలాకే మిగతా మాట.

హొరమావు_వాణి
లేదక్కా. ఊళ్ళో డాక్టరు మెమరీకని ఏదో మాత్ర రాశారు, అదే వేస్తున్నాం. రక్తపరీక్షలేవీ చేయించలేదు.

పినాకిని
మా అత్తగారి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. నెల్లూరు నుంచి తీసుకొచ్చేసరికి మమ్మల్నెవరినీ గుర్తుపట్టడం లేదు. కంగారుపడి ఒకచోట డిపాజిట్ కట్టి చేర్చేశాం. వారానికి ఫిట్స్ వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాం, సోడియం 114 ఉంది. బీపీ మాత్ర మార్చారు. పది రోజులకి లేచి కూర్చుని "నన్నిక్కడెందుకు పెట్టారే" అని అడిగింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, సుడోకు ఆడుతోంది. డిపాజిట్‌లో సగమే వెనక్కి వచ్చింది. అంతకంటే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోవడం బాధ.

శేషు_వైట్‌ఫీల్డ్
నిమ్హాన్స్ (మెదడు, మానసిక జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రి) మీకు దూరం కాదు కదా, అక్కడ పెద్దవాళ్ళ మానసిక ఆరోగ్యానికి విడిగా విభాగం ఉంది. పొద్దున్నే వెళ్ళి ఒక రోజంతా దానికే కేటాయించుకోండి. నాన్నని కూడా తీసుకెళ్ళండి. అమ్మ ఇంట్లో ఎలా ఉంటుందో ఆయనకి తెలిసినంత మీకు తెలియదు.

బీటీఎం_బాలు
అందరూ కోప్పడతారేమో గానీ నా మాట నేను చెప్తా. వేరే ఇల్లు అద్దెకి తీసుకుని ఇరవై నాలుగ్గంటల అటెండర్ని పెడితే సరిపోతుంది. మేం హొసూరు రోడ్డులో గ్రౌండ్ ఫ్లోరు తీసుకుని మా అమ్మని అలాగే చూసుకున్నాం. అటెండర్ని పంపే బ్యూరోకి నెలకి 28 వేలు, వంటమనిషికి 6 వేలు. మన ఇల్లు, మన పప్పుచారు, మన దేవుడి పటాలు. పెద్దవాళ్ళకి కావలసింది అదే.

మల్లేశ్వరం_మాధవి
బాలు గారూ, మీకు మంచి అటెండర్ దొరికింది, సంతోషం. మాకు ఎనిమిది నెలల్లో ఏడుగురు మారారు. ఒకమ్మాయి పండక్కి ఊరెళ్తానని చెప్పి మళ్ళీ రాలేదు. కొత్తమనిషి వచ్చిన ప్రతిసారీ నాన్నకి భయం, స్నానానికి రానని గొడవ. "ఇరవై నాలుగ్గంటలు" అంటారు గానీ ఆ మనిషీ రాత్రి పడుకోవాలి కదా. రాత్రి రెండింటికి లేచింది నేనే.

బీటీఎం_బాలు
అది నిజమే. మా అమ్మ మంచం మీదే ఉండేది, లేచి తిరిగే సమస్య లేదు. ఆ తేడా ఉంది, ఒప్పుకుంటా.

నర్సక్క_జయనగర
ఆ తేడాయే అసలు సంగతి. బోర్డు మీద రాసిన పేర్లు పక్కన పెట్టండి, ఒక్కోచోట ఒక్కో అర్థం. మేం ఆరు పనులు చూస్తాం: స్నానం, బట్టలు కట్టుకోవడం, బాత్రూంకి వెళ్ళి రావడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోవడం, అన్నం తినడం. 1963 నుంచి వాడుతున్న కొలత ఇది, కాట్జ్ ఇండెక్స్ అంటారు. వీటిలో ఒకటి రెండింటికి మరో మనిషి చెయ్యి కావాలంటే అసిస్టెడ్ లివింగ్. ముక్కులోంచి గొట్టం, మూత్రానికి గొట్టం (క్యాథెటర్), పుండ్లు పడ్డ వీపు, రెండు గంటలకోసారి ఒత్తిగిల పెట్టాల్సిన మనిషి అయితే నర్సింగ్ కేర్. దానికి చదువుకున్న నర్సు ఉండాలి, ఆయా సరిపోదు.

మీ అమ్మ ఈ ఆరూ తనే చేసుకుంటూ ఉండొచ్చు. అందుకే మొదటివాళ్ళు ఇండిపెండెంట్ అన్నారు. కానీ గ్యాసు, మాత్రలు, డబ్బు, బయటికెళ్ళి దారి గుర్తుపెట్టుకుని తిరిగిరావడం, ఇవి పోయాయి. ఒళ్ళు బాగుంది, భద్రత పోయింది. అలాంటివాళ్ళ కోసమే మెమరీ కేర్. నేను ప్రతి కుటుంబాన్నీ ముందు అడిగేది రాత్రి గురించే. రాత్రి పదికీ పొద్దున ఆరుకీ మధ్య ఎన్నిసార్లు లేస్తారు, లేచి ఏం చేస్తారు, ఎవరు లేస్తున్నారు? ఆ జవాబును బట్టి ఏ లెవెల్ సంరక్షణ కావాలో దానంతటదే తేలుతుంది. పగటిపూట చూసి నిర్ణయించినవాళ్ళు ఆర్నెల్లలో మళ్ళీ గది మారుస్తారు.

హొరమావు_వాణి
రాత్రి సంగతి నాకు తెలియదక్కా. నాన్న ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇవాళ అడుగుతా.

తిరుపతి_టు_టీనగర్
మాది చెన్నై, అయినా మీకు పనికొచ్చే మాట ఒకటుంది. భాష చూసుకోండి. మా అత్త నలభై ఏళ్ళు మాంబళంలో ఉంది, అరవం గడగడా మాట్లాడేది. జబ్బు ముదిరేకొద్దీ ముందు ఇంగ్లీషు పోయింది, తర్వాత అరవం పోయింది, చివరికి చిత్తూరు తెలుగొకటే మిగిలింది. అక్కడ చూసుకునే పిల్లలంతా ఒడిశా, జార్ఖండ్ వాళ్ళు, మంచి పిల్లలే. ఒకరోజు నేను వెళ్ళేసరికి "దప్పిక, దప్పిక" అని ఏడుస్తోంది. ఆ అమ్మాయి దుప్పటి కప్పుతోంది. దుప్పటి అడుగుతోందనుకుంది పాపం.

ఆ రాత్రే ఇరవై ఐదు మాటలు రాశాను. దప్పిక, ఒంటేలు, కడుపునొప్పి, చలి, నొప్పి, ఇంటికి పోదాం. పక్కన హిందీలో, ఒడియాలో అర్థం రాయించి తలుపు వెనక అంటించాను. అప్పట్నుంచి చాలా తేలికైంది. తెలుగు వచ్చిన మనిషి షిఫ్టుకి ఒకరైనా ఉన్నారా అని అడగండి. బెంగళూరులో మన హిందూపురం, మదనపల్లె వైపు పిల్లలు చాలామంది ఈ పనిలో ఉన్నారు, దొరుకుతారు.

కడప_బిడ్డ
"ఇంటికి పోదాం" చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి అక్కా.

విజ్ఞాన్_హెబ్బాళ
భాష మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల మీద చేసిన పరిశోధన 2013లో వచ్చింది. ఒక్క భాషే తెలిసినవాళ్ళతో పోలిస్తే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువుకోనివాళ్ళలో కూడా. జబ్బు రాదని కాదు, ఆలస్యంగా బయటపడుతుంది.

పెద్దాయన_దేవనహళ్ళి
నాకు 78 ఏళ్ళు. ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను, ఎందుకంటే వాణి గారి నాన్న ఉన్న చోటే మూడేళ్ళ క్రితం నేనున్నాను. నేను ఇండిపెండెంట్ బ్లాకులో ఉంటాను. నా భార్య అదే ఆవరణలో రెండో అంతస్తు మెమరీ కేర్‌లో ఉంటుంది.

మొదట ఇద్దరం ఒకే గదిలోనే ఉన్నాం. విడిగా ఉండమన్నవాళ్ళందరినీ తిట్టాను. రాత్రి ఆమె మూడుసార్లు లేచేది, బీరువాలో బట్టలన్నీ తీసి మూటగట్టి రైలుకి వేళయింది పదమనేది. నేను వద్దంటే చెయ్యెత్తేది. జీవితంలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. రెండేళ్ళు నేను సరిగ్గా నిద్రపోలేదు. ఒకరోజు విసుగులో ఆమె భుజం పట్టుకుని గట్టిగా కుదిపాను. నా వేళ్ళ గుర్తులు పడ్డాయి. మర్నాడు పొద్దున నేనే వెళ్ళి మేనేజరుతో చెప్పాను, రాత్రిపూట నావల్ల కావడం లేదని.

ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి వెళ్తాను. కొబ్బరినూనె రాసి జడ వేస్తాను, ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. టిఫిను కలిసి తింటాం. మధ్యాహ్నం పాత పాటలు పెడతాను, నోటికొచ్చినవి పాడుతుంది. సాయంత్రం ఐదు దాటాక అశాంతి మొదలవుతుంది, ఆ వేళకి తప్పకుండా పక్కనుంటాను. ఎనిమిదికి నా గదికొచ్చి పడుకుంటాను. నిద్రపోయినవాడిని కాబట్టి మర్నాడు ఆమె మీద విసుక్కోను. మొదటి నెల నరకం, దాచను. రెండో నెలలో ఆమె నాకంటే ముందు అలవాటుపడింది.

అమ్మా వాణీ, ఐదు చోట్ల చూశానని రాశావు. మీ నాన్నని ఒక్కచోటికైనా తీసుకెళ్ళావా? ఇల్లు మారేది ఆయన. గుడికని చెప్పి తీసుకొచ్చి దింపేసి పోయినవాళ్ళని ఇక్కడ చూశాను. ఆ తండ్రులు ఏడాదైనా బాల్కనీలోనే కూర్చుంటారు.

హొరమావు_వాణి
బాబాయి గారూ, తీసుకెళ్ళలేదు. బాధపడతారని చెప్పకుండా చూస్తున్నాను. తప్పే. ఈ శనివారం ఊరెళ్తున్నాను.

శేషు_వైట్‌ఫీల్డ్
పెద్దాయన గారి పోస్టు నాలుగుసార్లు చదివాను. మా నాన్నకి పంపించాను.

లెక్కల_మాస్టారు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. మూడు నెలల క్రితం మా అక్క కోసం తిరిగినప్పుడు మాకు చెప్పిన రేట్లు: ఇద్దరికి ఇండిపెండెంట్ భోజనంతో కలిపి 55 వేలు, అసిస్టెడ్ ఒక మనిషికి 60, మెమరీ కేర్ 85 నుంచి లక్షా పది. డిపాజిట్ వేరే. అందులో డైపర్లు, మందులు, ఫిజియో, అంబులెన్సు, విడి అటెండరు ఏవీ కలవవు. పోయిన మూడు నెలల బిల్లు ఒకటి పేరు కొట్టేసి చూపించమనండి. బ్రోషరుకీ దానికీ తేడా అప్పుడు తెలుస్తుంది.

కాగితంలో చూడాల్సినవి చెప్తాను. లెవెల్ మారితే పాత డిపాజిట్ కొత్త గదికి బదిలీ అవుతుందా, మళ్ళీ కట్టాలా. ఆసుపత్రిలో ఉన్న రోజులకి పూర్తి అద్దేనా. ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవాళ్ళకి రేటెంత. ఏడాదికి ఎంత శాతం పెంచుతారు. మేం ఇక చూసుకోలేం, తీసుకెళ్ళండి అని ఎప్పుడు, ఎన్ని రోజుల గడువుతో అంటారు. చివరిది అడక్కుండా సంతకం పెట్టొద్దు. మా అక్కకి ముప్ఫై రోజుల గడువు ఇచ్చారు, ఆమె నడవలేని స్థితిలో ఉండగా.

బీటీఎం_బాలు
ఇన్సూరెన్సులో వస్తుందా మాస్టారూ? 70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ కార్డు ఉంది కదా.

లెక్కల_మాస్టారు
రాదు. ఆయుష్మాన్‌లో 70 దాటినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల కవరు 2024 అక్టోబరులో మొదలైంది. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పటి వైద్యానికి. ప్రైవేటు పాలసీల్లోనూ ఇలాంటి సంరక్షణ ఖర్చుని మినహాయింపుల్లో రాసే ఉంచుతారు. ఇదంతా చేతి డబ్బే. అందుకే ప్రొద్దుటూరు ఇల్లు ఇప్పుడే అమ్మొద్దు, అద్దెకివ్వండి. ఒక నెల ట్రయల్ ఉన్నచోటే చూడండి. కుదరకపోతే వెనక్కి వెళ్ళే గుమ్మం ఉండాలి.

లాయరమ్మ_ఆర్టీనగర
ఇంకో తొందర కూడా ఉంది. అమ్మగారికి విషయం అర్థమై సంతకం పెట్టగల స్థితి ఉండగానే కాగితాలు చూసుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలని అందరూ అనుకుంటారు. రాసిచ్చిన మనిషి మతి కోల్పోతే కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం అది రద్దయిపోతుంది. అంటే అవసరం వచ్చే రోజుకే పనిచేయదు. తర్వాత సంరక్షకులుగా నియమించమని కోర్టుకి వెళ్ళాల్సి వస్తుంది. ఇప్పుడే బ్యాంకు ఖాతాలు జాయింటు చేయండి, నామినీలు చూసుకోండి, వీలునామా రాయించి డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి.

వెంటిలేటరు లాంటివి తనకి వద్దనుకుంటే ఆ మాట కూడా ముందే రాసుకోవచ్చు. 2023లో సుప్రీంకోర్టు పద్ధతి తేలిక చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. పిల్లలకి ఆస్తి రాసిచ్చేటప్పుడు మమ్మల్ని చూసుకోవాలి అనే షరతు దస్తావేజులో పెట్టించండి. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం 23వ సెక్షను ఆ షరతును బట్టే కాపాడుతుంది. వాణి గారిని అనడం లేదు, చదివే పెద్దవాళ్ళ కోసం.

మల్లేశ్వరం_మాధవి
చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఆదివారం రాత్రి ఎనిమిది దాటాక, చెప్పకుండా వెళ్ళండి. శనివారం పదకొండింటికి అన్నీ తళతళలాడతాయి. రాత్రి ఫ్లోరులో ఎంతమంది మేలుకుని ఉన్నారో లెక్కపెట్టండి. కారిడారులో మూత్రం వాసన వస్తోందా, పెద్దవాళ్ళ గోళ్ళు కత్తిరించి ఉన్నాయా చూడండి. అందర్నీ ఏడింటికే పడుకోబెట్టి మత్తుమందు ఇచ్చారేమోనని అడగడానికి మొహమాటపడొద్దు. డాక్టరు ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా అన్నది కూడా.

తిరుపతి_టు_టీనగర్
భోజనం కూడా తిని చూడండి. మా మామ బెంగళూరులో మూడు నెలలు ఉండి, "అంతా బాగుందమ్మా, సాంబారులో బెల్లం ఒక్కటే భరించలేకపోతున్నా" అని ఉత్తరం రాశాడు. ఊరగాయ జాడీ పంపాక కుదురుకున్నాడు.

కడప_బిడ్డ
ప్రొద్దుటూరు మనిషికి కారం లేని కూడు పెడితే ట్రయల్ రెండో దినమే అయిపోతాది. జాడీ ముందే పంపండి వాణక్కా.

హొరమావు_వాణి
రెండు వారాలైంది, ఏం జరిగిందో రాస్తాను.

శనివారం ఊరెళ్ళి రాత్రి అక్కడే పడుకున్నాను. నర్సక్క అడగమన్నది నాన్నని అడిగాను. ముందు ఏమీ లేదన్నారు. పదిన్నరకి చూస్తే వీధి తలుపుకి తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకుని పడుకున్నారు. అమ్మ నాలుగుసార్లు లేచింది. ప్రతిసారీ ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి "రావే, తెల్లారాక పోదాం" అని మళ్ళీ పడుకోబెట్టారు. ఏడాది నుంచీ ఇంతేనట. మీరు పనిమానుకుని వస్తారని చెప్పలేదమ్మా అన్నారు.

నిమ్హాన్స్‌లో చూపించాం. బి12 బాగా తక్కువుంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొంత తేట వస్తుందన్నారు, కానీ ఎమ్మారై, మిగతా పరీక్షలు చూసి అల్జీమర్స్ కూడా ఉందన్నారు. పినాకిని గారూ, మీ అత్తగారిలా అవుతుందని ఆశపడ్డాను.

నాన్నని రెండు చోట్లకి తీసుకెళ్ళాను. పెద్దాయన గారి పోస్టు చదివి వినిపించాను. జడ వేసే మాట దగ్గర ఆపి ఇంకోసారి చదవమన్నారు. ఆఖరికి ఆయనే ఎంచుకున్నారు: అసిస్టెడ్ బ్లాకులో ఇద్దరికీ ఒకే గది, రాత్రి పదినుంచి ఆరుదాకా విడిగా ఒక అటెండరు, పగలు పదింటినుంచి నాలుగింటిదాకా అమ్మ మెమరీ ఫ్లోరుకి. మూడు నెలల తర్వాత చూసి పైకి మార్చేది లేనిదీ నిర్ణయిస్తాం, డిపాజిట్ బదిలీ అవుతుందని రాయించుకున్నాం. ముందు ఒక నెల ట్రయల్. రాత్రి వచ్చే అమ్మాయిది చింతామణి, తెలుగు వచ్చు. గురువారం చేరుతున్నారు. గదిలోకి ఏమేం తీసుకెళ్ళాలి?

పెద్దాయన_దేవనహళ్ళి
కొత్తవేమీ కొనకండి. ఆమె కప్పుకునే పాత దుప్పటి, తాగే గ్లాసు, దేవుడి పటం, మీ నాన్న రేడియో. పెళ్ళి ఫోటో మంచానికి ఎదురుగా కట్టండి. అద్దం మీద గుడ్డ కప్పమని చెప్పండి, రాత్రి తన నీడనే చూసి ఎవరో ఉన్నారని భయపడతారు. బాత్రూం లైటు తెల్లవార్లూ వెలగాలి, తలుపు తీసే ఉంచాలి.

నర్సక్క_జయనగర
బాత్రూంలో పట్టుకునే కడ్డీలు రెండువైపులా ఉన్నాయో లేదో చూడమ్మా. ఇద్దరి మాత్రలూ వేరువేరు రంగు డబ్బాల్లో పెట్టు. నాన్నకి చీటీ రాసి ఇవ్వు, ఇన్సులిన్ వేసుకుంటుంటే టైము కూడా రాయి. మొదటి రెండు రాత్రులు నువ్వు అక్కడే పడుకోగలవా?

హొరమావు_వాణి
సెలవు పెట్టానక్కా, శుక్రవారం కూడా. జాడీలు రెండు తీసుకెళ్తున్నాను, ఒకటి గోంగూర, ఒకటి ఉసిరి.